నాలుగు మూలలు, ఒక నడుమ

బోర్డు మీద కమ్యూనిటీ కాలేజీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది గానీ, ఆర్మూర్‌లో ఎవరినడిగినా దాన్ని ఆదివారం కాలేజీ అంటారు. పసుపు యార్డు వెనక గల్లీలో కింద ఎరువుల దుకాణం, పైన రెండు గదులు, ఒక వరండా. వారమంతా పనుల్లో పడి ఉండేవాళ్ళు ఆదివారం పొద్దున స్నానాలు చేసి, తలలు దువ్వుకుని చదువుకోడానికి వస్తారు. వాళ్ళకు భూమి శాస్త్రం చెప్పే సుకుమార్ సార్ నిజామాబాద్ నుంచి మోటార్‌సైకిల్ మీద వస్తాడు. నలభై దగ్గర పడ్డ మనిషి, జియాలజీలో ఎమ్మెస్సీ, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. పాఠం బాగా చెబుతాడు. ఆ సంగతి అతనికి కూడా తెలుసు, చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆ క్లాసుకు పాఠం చెప్పడం మాటలు కాదు. ముందు బెంచీలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఆటో నడుపుకునే మనిషి కూర్చుంటాడు. ఇసుక ఊసెత్తితే చాలు, “సౌదీల గట్ల ఉండది సార్” అని అడ్డం తగులుతాడు. అతని వెనక బీడీలు చుట్టే శాంతవ్వ. కొడుకు చదువు మానేశాడన్న కోపంతో, కొడుకు కట్టాల్సిన ఫీజు తనే కట్టుకుని చేరింది. యార్డులో బస్తాలు మోసే అన్నదమ్ములిద్దరు, పెళ్ళితో చదువాగిపోయిన ఆడపిల్లలు కొందరు. ఒకరికి ఇంగ్లీషు మాట వినబడితే తప్ప అది చదువనిపించదు, ఇంకొకరికి ఇంగ్లీషు వినబడగానే నిద్ర ముంచుకొస్తుంది. సుకుమార్ అందరినీ లాక్కొచ్చేవాడు. గ్రానైటు గురించి చెప్పాలంటే కిటికీ తెరిచి సిద్ధుల గుట్ట మీది గుండ్లు చూపించేవాడు. నేల పొరల గురించి చెప్పాలంటే శాంతవ్వ టిఫిన్ డబ్బా తెరిపించేవాడు. ఎవరైనా తెల్లమొహం వేస్తే వాళ్ళ మీదే ఒక జోకు వేసేవాడు. జోకు తగిలినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు, సార్ కదా మరి.

రూత్ మాత్రం నవ్వేది కాదు, రాసుకునేది. ఆలూర్ దాటాక ఒక చిన్న ఊరు వాళ్ళది. ఊరి చివర చర్చి పక్కన ఉన్న నాలుగిళ్ళలో ఒకటి. ఇంటర్ అయ్యాక తండ్రి పోయాడు, అప్పటి నుంచి తల్లి రత్నవ్వతో కలిసి కూలికి పోతోంది. ఈ ఏడాది కోర్సు పాసైతే భూసార పరీక్షలు చేసే ల్యాబులో పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఎండలో వంగి చేసే పని నుంచి నీడలో కూర్చుని చేసే పనికి పోవడమంటే ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. రత్నవ్వ ప్రతి ఆదివారం చర్చికి ఒక్కతే పోయి, బిడ్డ కాలేజీకి పోయిందని పాస్టరుకు మరీ మరీ చెప్పుకునేది.

మట్టి నమూనా పాఠం జనవరి చివర్లో వచ్చింది. సుకుమార్ బోర్డు మీద ఒక చేను బొమ్మ వేశాడు.

“నాలుగు మూలలల్ల నాలుగు గుంతలు, నడుమ ఒకటి. పైనున్న గడ్డి, చెత్త తీసెయ్యాలె. జానెడు లోతు తవ్వి, గుంత అంచు నుంచి మట్టి తీయాలె. ఐదు జాగల మట్టి ఒక గుడ్డ మీద పోసి కలపాలె. కుప్పను గుండ్రంగ పరిచి, వేలితోని అడ్డం ఒక గీత, నిలువు ఒక గీత గీయాలె. ఎదురెదురు భాగాలు రెండు పారేసి, రెండు ఉంచుకోవాలె. మళ్ళ కలపాలె, మళ్ళ గీయాలె. గుప్పెడు మిగిలేదాక. మిగిలింది గుడ్డల మూట కట్టి తేవాలె. ప్లాస్టిక్ కవర్ల తెచ్చినోళ్ళకు మార్కులు లేవు.”

అందరూ రాసుకున్నారు. క్లాసు అయిపోయి అతను మోటార్‌సైకిల్ తాళంచెవి తీస్తుంటే రూత్ బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, మాకు చేను లేదు. ఎవల్దన్న తేవొచ్చా?”

“మట్టి మీద పేరు రాసుంటదా రూత్? ఎవల్దైతేంది. పద్ధతి ముఖ్యం.”

“అడిగి తేవాల్నా సార్?”

“గుప్పెడు మట్టికి గూడ పర్మిషనా?” అన్నాడు సుకుమార్. అక్కడే ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతనికి మాట బాగా పడిందనిపించింది. మెట్లు దిగుతూ తనలో తనే మళ్ళీ ఒకసారి నవ్వుకున్నాడు.

మరుసటి ఆదివారం బల్ల మీద మట్టి మూటలు వరసగా చేరాయి. సగం మంది ఇంటి ముందు చెట్టు కింద గీరి తెచ్చారని చూడగానే తెలిసిపోయింది. రూత్ తెచ్చిన మూట విప్పితే పొడి పొడిగా, రాయి రప్ప లేకుండా, అచ్చం పుస్తకంలో చెప్పినట్టు ఉంది. సుకుమార్ దాన్ని పైకెత్తి పట్టుకుని, “గిట్ల తేవాలె. చూసి నేర్చుకోండ్రి” అన్నాడు. రూత్ మొదటిసారి నవ్వింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె రాలేదు.

ఆమెకు బదులు భీమ్‌రావు వచ్చాడు. ప్రిన్సిపాల్ గంగాకిషన్ గదిలోకి రమ్మని కబురొస్తే సుకుమార్ చాక్‌పీసు చేతిలో పట్టుకునే వెళ్ళాడు. అక్కడ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు భీమ్‌రావు. తెల్ల చొక్కా, చెప్పులకు ఎండిన బురద, గోళ్ళలో పసుపు. అరిచే మనిషి కాదు, అసలు గొంతే పెద్దది కాదు.

“సార్, మీ తాన సదివే రూత్ మా చేన్ల పనికొస్తది. వాళ్ళమ్మ గూడ. మంచోళ్ళే, నేను కాదన” అని మొదలుపెట్టాడు. “మొన్నటి శనివారం అమాస. అందరు సద్ది తింటుంటె గీ పిల్ల ఒక్కతే లేచి పోయింది. చేను నాలుగు మూలలల్ల తవ్వింది, నడుమల తవ్వింది. కూలోళ్ళు సూసిన్రు. కొంగు పరిచి, మట్టి కుప్ప వోసి, అడ్డం నిలువు గీతలు గీసిందట. కొంత అటు పారేసింది, కొంత ఇటు పారేసింది. మళ్ళ గీతలు. మిగిలింది మూట గట్టి రైకల దాసుకున్నది. సోమవారం మేం పసుపు తవ్వుడు మొదలువెట్టినం. నడుమల తవ్వుతె గడ్డంత కుళ్ళి, నల్లగ, వాసన. ఏడాది కష్టం సార్.”

అమావాస్య సంగతి సుకుమార్‌కు తెలియదు. తెలిసినా నవ్వేసేవాడు. తను బోర్డు మీద రాసిన పద్ధతి ఒక్కో ముక్కే ఆ మనిషి నోట్లోంచి చేతబడిగా బయటికి వస్తుంటే, ముందు అతనికి నవ్వే వచ్చింది. ఆ తర్వాతి మాటతో ఆగిపోయింది.

“ఊరంత మంత్రం జేసిందంటున్నరు. పిల్లేమో మా సారే సెప్పిండు అంటది. నాలుగు మూలలల్ల, నడుమల తవ్వుమన్నడు, గీతలు గీయుమన్నడు, మూట గట్టుమన్నడు, ఎవల చేనైనా సరే అన్నడు, అడుగుడు గూడ అక్కెర లేదన్నడు అంటది. సదువుకున్న సారు గట్లెందుకు సెప్తడని నాకు అనుమానం. మీ నోటితోనే ఇందామని వచ్చిన. సెప్పిన్రా సార్?”

గంగాకిషన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. సుకుమార్ కాంట్రాక్టు కాయితం వచ్చే నెలలో ఆ బల్ల మీదికే రావాలి. ఊళ్ళలో గొడవలు కాలేజీ మెట్లెక్కకూడదని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. పోయినేడు ఇట్లాంటి పేచీలోనే ఒక లెక్చరర్‌ని పక్కన పెట్టారు. ఔనని ఒక్క మాట అంటే చాలు. అడగకుండా ఇంకొకరి చేను తవ్వమని నువ్వే చెప్పావా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. దానికి కూడా ఔననే చెప్పాలి.

“మేం ఎవరి చేను మట్టి వాళ్ళనే తెమ్మంటం” అన్నాడు సుకుమార్.

“మరి గీ గీతలు, మూట?”

“పిల్లలు ఎవరి తీరున వాళ్ళు తెస్తరు. నేనైతే... గట్ల చెప్పలే.”

“పరాయోళ్ళ చేన్ల పడి తవ్వుమని మా కాలేజీల ఎందుకు చెప్తరు?” అని గంగాకిషన్ అందుకున్నాడు.

భీమ్‌రావు తల ఊపాడు. కోపం లేదు, గెలిచినట్టూ లేదు. తెలిసిన పిల్ల గురించి చెడ్డ మాట ఖాయమైనందుకు ఆ మొహంలో బాధే కనబడింది. “నేను గూడ గదే అనుకున్న సార్. మీ నోటితోని ఇన్న, ఇగ సాలు” అని దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. చాక్‌పీసు సుకుమార్ వేళ్ళ మధ్య రెండు ముక్కలైంది.

ఆ రోజు అతను ఖనిజాల పాఠం చెప్పాడు. ఒక్క జోకూ వేయలేదు. క్లాసంతా సార్‌కు ఒంట్లో బాగాలేదనుకుంది. నిజామాబాద్ పోయే దారంతా తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. ఏమవుతుంది, నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తారు. వచ్చే వారం రూత్ వస్తే నెమ్మదిగా చెప్పి పంపిస్తే సరి. మంచి మనిషి భీమ్‌రావు, గొంతు కూడా పెంచలేదు. ఇట్లా ఎన్ని చెప్పుకున్నా అన్నం సయించలేదు. భార్య ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. అదొక అబద్ధం, ఇంత చిన్నదాన్ని కూడా ఇంత తేలిగ్గా ఆడుతున్నానా అని తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ వారంలో చాలాసార్లు ఫోన్‌లో రూత్ నంబర్ తీశాడు. ఒకసారి అవతల రింగు కూడా అయింది. ఆమె ఎత్తేలోపు తనే కట్ చేశాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. తెలిసినా నోరు రాదని లోపల తెలుస్తూనే ఉంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. రూత్ చోటు ఖాళీ. క్లాసయ్యాక అందరూ పోయారు గానీ శాంతవ్వ పోలేదు. ఆమె చెల్లెల్ని ఇచ్చింది రూత్ వాళ్ళ ఊరికే.

“రూత్ ఇగ రాదు సార్.”

“ఏమైంది శాంతవ్వా?”

“మీకు ఎరుక లేదా?” అని ఆమె అతని మొహంలోకి చూసింది. “బుధవారం ఊరంత పంచాయితికి కూసున్నరు. రూత్ ఏడ్సుకుంట మా సార్‌ను పిలిపియ్యిండ్రి, అడుగుండ్రి అన్నదట. అడిగిన, సారే లేదన్నడు అని భీమ్‌రావు పటేల్ లేసి సెప్పిండు. గంతే, పిల్లకు నోట మాట రాలేదట. ఒకలు గుండు గీయాలె అన్నరు, ఒకలు ఊరు దాటియ్యాలె అన్నరు. గప్పుడు రత్నవ్వ లేసింది. నేనే జేసిన, నా బిడ్డకేం తెల్వది, నేను తెమ్మంటె తెచ్చింది అన్నది. అందరి ముందట, నలుగుట్ల ఒప్పుకున్నది సార్. ఆమెను గా పొద్దే ఊరెళ్ళగొట్టిన్రు. ముప్కాల్‌ల వాళ్ళన్న ఇంట్ల ఉంటుంది. రూత్ ఒక్కతే ఇంట్ల వడి ఉన్నది. ఎవలు పనికి పిలుస్తలేరు.”

సుకుమార్ రూత్ ఖాళీ చోటు వైపు చూశాడు.

శాంతవ్వ సంచి భుజాన వేసుకుంది. “నేను గూడ నాలుగు మూలలల్ల తవ్వే తెచ్చిన గద సార్, మీరు సెప్పినట్టే. మీరెందుకు లేదన్నరో నాకు తెల్వది. పెద్ద సదువులోళ్ళు, మీకేదో కారణం ఉంటది.” ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఏదో కారణం ఉంటుందని నమ్మి అంది, అది అతను భరించలేకపోయాడు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

అప్పుడే బయలుదేరాడు. గంగాకిషన్ గది ముందు ఆగి, తలుపు తోసి, “సార్, మొన్న నేను చెప్పింది అబద్ధం. ఆ పిల్లకు నేనే చెప్పిన. ఇప్పుడు ఆ ఊరు పోతున్న” అన్నాడు. ఆయన ఏదో అనబోయాడు గానీ సుకుమార్ ఆగలేదు.

భీమ్‌రావు చేను పక్క కల్లంలో ఉన్నాడు. ఉడకబెట్టిన పసుపు ఎండకు పరిచి ఉంది, ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేస్తున్నారు. సార్‌ను చూసి భీమ్‌రావు మంచం వాల్చబోయాడు. సుకుమార్ కూర్చోలేదు.

“భీమ్‌రావన్నా, నేనే చెప్పిన. నాలుగు మూలలు, నడుమ, గీతలు, మూట, అన్ని నేను బోర్డు మీద రాసి చెప్పినయే. అడగకుండ తేవచ్చని గూడ నేనే అన్న. మట్టి పరీక్షకు దేశమంత గట్లనే తీస్తరు. అందుల మంత్రం లేదు, తంత్రం లేదు. గా రోజు మీతోని అబద్ధం చెప్పిన.”

పసుపు తిరగేసే ఆడవాళ్ళు ఆగిపోయారు. భీమ్‌రావు మంచం వదిలేసి అతని దగ్గరికి వచ్చాడు.

“ఎందుకు సార్?”

“నౌకరి పోతదని భయమైంది.”

సుకుమార్ చేను నడుమకు నడిచి చూపించాడు. అక్కడ నేల పళ్ళెంలా లోపలికి దిగి ఉంది, ఇంకా తడి ఆరలేదు. వానాకాలం నీళ్ళు నిలిచి గడ్డ కుళ్ళిందని, రూత్ తవ్వడానికి ఎన్నో నెలల ముందే అది మొదలైందని చెప్పాడు. భీమ్‌రావు వంగి మట్టి పిసికి చూసి, “నిజమే, గీడ నీళ్ళు నిలుస్తయి” అన్నాడు. అతను మొండి మనిషి కాదు. అర్థమైనదాన్ని కాదనలేదు.

“సరే సార్. పిల్లను రేపటి నుంచి పనికి రమ్మంట. ఊర్ల గూడ సెప్త. గాని తల్లి ఒప్పుకున్నది గద.”

“బిడ్డ కోసం మీదేసుకున్నది అన్నా. ఆమె ఏం చెయ్యలే.”

“చెయ్యంది ఎవలన్న ఒప్పుకుంటరా సార్?”

“చేసింది నేను ఒప్పుకోలే కదా.”

భీమ్‌రావు కళ్ళు దించుకున్నాడు. “మీరు నలుగుట్ల వచ్చి సెప్పుండ్రి, నేను మీ పక్కన నిలవడ్త. గాని రత్నవ్వ గూడ రావాలె. నేను చెయ్యలే, బిడ్డను కాపాడుకునేటందుకు అన్న అని ఆమె నోటితోనే రావాలె. లేకుంటె ఊరు ఇనది. ఆమె గా మాట అంటె రేపే ఇంటికి తోల్కొచ్చుకోవచ్చు.”

ఆ ఒక్క మాట చాలు. సుకుమార్‌కు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. తప్పు దిద్దుకోవడానికి ఇంకా దారి ఉంది, అది కూడా ముప్కాల్ దాకానే.

రూత్ గడపలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించిన గుర్తు లేదు. అతన్ని చూసి లేచి నిలబడింది, అలవాటు కొద్దీ.

“నీకు ద్రోహం చేసిన రూత్” అన్నాడు. భీమ్‌రావుతో అయిన మాటలన్నీ చెప్పాడు. ఆమె విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు.

“నేను ఊరందరి ముందట మీ మాటలు మీరన్నట్టే సెప్పిన సార్. గుప్పెడు మట్టికి గూడ పర్మిషనా అన్నరని గూడ సెప్పిన. అందరు నవ్విన్రు.”

ఆమె గడప దిగి తలుపు దగ్గరికి లాగింది.

“మా అమ్మకు మీరే సెప్పాలె” అంది రూత్ చెప్పులు వేసుకుంటూ. “నేను ఫోన్ల ఎంత సెప్పినా ఇంటలేదు. సరే బిడ్డ, ఊకో బిడ్డ అంటది. మీరు సెప్తె ఇంటది. సార్లంటె ఆమెకు మస్తు నమ్మకం.”

ఊరివాళ్ళు మళ్ళీ ఒక మాట అనకుండా, అతను బండి ఆర్మూర్ బస్టాండులో పెట్టి, వెనక ఆటోలో వచ్చిన రూత్‌తో బస్సెక్కాడు. రూత్ ముందు ఆడవాళ్ళ సీట్లో, అతను వెనక. కిటికీలోంచి నాట్లు వేసిన మళ్ళు పచ్చగా కనబడుతున్నాయి. రత్నవ్వతో ఏమనాలో మనసులో కూర్చుకున్నాడు. దాపరికం లేకుండా, అరటిపండు ఒలిచినట్టు చెప్పాలి. పాఠం చెప్పడం తనకు వచ్చిన పనే.

ముప్కాల్‌లో రత్నవ్వ అన్న ఇల్లు పొలాలకు దగ్గర. రత్నవ్వ వాకిట్లో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సన్నటి మనిషి, కూతురి పొడుగే. బిడ్డ వెనక సార్ వస్తున్నాడని తెలియగానే గాభరాగా లేచి, కొంగు సవరించుకుని, లోపలి నుంచి కుర్చీ తెచ్చి తుడిచి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. సుకుమార్ చెంబు చేతిలో పట్టుకునే మొదలుపెట్టాడు.

బోర్డు మీద ఏం రాశాడో చెప్పాడు. రూత్ ఏమడిగిందో, తనేమన్నాడో చెప్పాడు. భీమ్‌రావు వచ్చిననాడు భయపడి అబద్ధమాడానని చెప్పాడు. ఇందులో రూత్ తప్పు రవ్వంత కూడా లేదని, రేపు ఊళ్ళో అందరి ముందూ తను నిలబడి ఇదే చెబుతానని, ఆమె కూడా వచ్చి తను చెయ్యలేదని ఒక్క మాట అంటే ఇంటికి పోవచ్చని చెప్పాడు. “నన్ను మాఫ్ చెయ్యి రత్నవ్వా” అన్నాడు.

రత్నవ్వ అంతా శ్రద్ధగా విన్నది. అయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అతని వైపు చూసిన చూపులో కోపం లేదు, ఎంతో అభిమానం ఉంది.

“నువ్వు దేవునసుంటోనివి సారూ.”

“అట్లనకు అవ్వా. నేను...”

“నా బిడ్డ కొరకు గింత దూరం వచ్చి నీ మీద ఏసుకుంటున్నవ్. నేను ఏసుకున్నట్టే. నాకు ఎరుకైతది సారూ, నేను గూడ గదే జేసిన గద.”

సుకుమార్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంబు పక్కన పెట్టేశాడు.

“కాదవ్వా, ఇది నిజం. గా రోజు చెప్పింది అబద్ధం.”

“సదువు సెప్పే సారు అబద్ధమాడుతడా” అంది రత్నవ్వ, చిన్నపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు. “ఊరందరన్నా నేను నమ్మలే. నా బిడ్డ గట్ల జెయ్యది అన్న. సారే లేదన్నడు అని పటేల్ సెప్పినంక ఇగ నా గుండె పగిలింది. గప్పుడు ఎరుకైంది, నా బిడ్డనే ఏదో జేసిందని. ఎందుకు జేసినవని నేను అడగలే. పొద్దంత ఒకల చేన్ల ఒంగి జేసేటోళ్ళకు కడుపు మండదా? నాకు మండలేదా నా ఈడుల? నాకేమన్న కానీ, దాని బతుకు కరాబు గావద్దని నేను లేసిన. ఇప్పుడు నేను పోయి చెయ్యలేదంటె మళ్ళ దాని మీదికే వోతది. నేను అన సారూ. నేను గీడనే ఉంట.”

“అమ్మా” అంది రూత్. “సార్ సెప్పేది నిజం. నేను ఏసయ్య మీద ఒట్టేసి సెప్తున్న.”

“ఒట్లు వద్దు బిడ్డా. తప్పు మీద తప్పయితది.” రత్నవ్వ బిడ్డ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. “నేను రోజు ప్రార్థన జేస్తున్న. దేవుడు నిన్ను మాఫ్ జేస్తడు. నువ్వు ఒక్కసారి తప్పయిందను, నాతోనే అను, ఎవలకు సెప్ప. నా పానం సల్లవడ్తది. నిద్ర వడ్తలేదు నాకు బిడ్డా.”

రూత్ తల తిప్పి సుకుమార్ వైపు చూసింది. సార్ చెబితే వింటుందని అనుకుని వచ్చిన పిల్ల. అతను ఇంకోసారి నోరు తెరిచాడు. “అవ్వా, నేను అబద్ధాలకోరును, నన్ను నమ్ము” అన్నాడు. ఆ మాట అతని చెవులకే తిక్కగా వినబడింది. రత్నవ్వ జాలిగా నవ్వి, “తాగు సారూ, ఎండల వడి వచ్చినవ్” అంది.

రూత్ చాలాసేపు తల్లి మొహంలోకే చూసింది. లోపలికి పోయిన ఆ కళ్ళను చూసింది. తర్వాత నేల మీద ఆమె పక్కన కూర్చుంది.

“తప్పయిందమ్మా” అంది.

రత్నవ్వ బిడ్డను దగ్గరికి లాక్కుని గట్టిగా ఏడ్చింది. బరువు దిగిపోయిన ఏడుపు అది. ఏడుస్తూనే మధ్య మధ్య తల ఎత్తి, బిడ్డను వెంట తీసుకొచ్చినందుకు సార్‌కు దండం పెట్టింది.